సీసా మీద పేరు ఒకరిది, లోపలి జ్యూస్ ఇంకొకరిది: పారిస్ హిల్టన్ పర్ఫ్యూమ్‌ల కేస్ స్టడీ

పారిస్ హిల్టన్ పేరుతో మొదటి సెంటు 2004లో అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. హిల్టన్ హోటళ్లు పెట్టిన కాన్రాడ్ హిల్టన్‌కు ఆమె మునిమనవరాలు. 2003 డిసెంబరులో ఫాక్స్ చానల్‌లో మొదలైన రియాలిటీ షోతో ఆమె మొహం అమెరికాలో ఇంటింటికీ తెలిసింది. ఏడాది దాటే లోపే ఆ పేరు సీసా ఎక్కింది. అప్పటినుంచి ఆ వరుసలో పాతికకు పైగా సెంట్లు వచ్చాయి. ఆ రోజుల్లో మొదలైన తారల సెంట్లు చాలావరకు కొన్నేళ్లకే అరల మీంచి దిగిపోయాయి. ఇది ఎలా నిలబడింది, ఎక్కడ దెబ్బ తగిలే వీలుంది అన్నదే ఈ కేసు. ప్రైవేట్ లేబుల్ సెంట్లు (వేరే ఫ్యాక్టరీలో తమ పేరుతో) చేయించేవాళ్లకు, సినిమా తార పేరుతో పర్ఫ్యూమ్ తేవాలని లెక్కలు వేస్తున్నవాళ్లకు పనికొచ్చేలా సీసా లోపలి సంగతులకే ఎక్కువ చోటు ఇస్తున్నాం. లోపలి ద్రవాన్ని ఈ రంగంలో జ్యూస్ అంటారు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మొదటి సీసాను పేరు అమ్ముతుంది. అదే మనిషి చేత రెండో సీసా కొనిపించేది వాసన, రంగు, పంపు. ఈ వరుస బతకడానికి కారణాలు వెతికితే ఎక్కువ భాగం ఆ రెండో పనిలోనే కనబడతాయి.

ఎవరి చేతిలో ఏముంది

పేరు హిల్టన్‌ది. ఆ పేరు వాడుకునే లైసెన్సు తీసుకున్నది ఫ్లోరిడాకు చెందిన పార్లక్స్ ఫ్రాగ్రెన్సెస్. ఇలాంటి వరుసల్లో సుగంధ నూనె ఫార్ములా ఈ ఇద్దరిదీ కాదు. అది ఆ నూనెను తయారుచేసే ఫ్రాగ్రెన్స్ హౌస్ సొత్తు. లైసెన్సు కంపెనీ కొనేది డ్రమ్ముల్లో వచ్చే నూనె మాత్రమే. ఫార్ములా కాగితం చేతికి రాదు. కొత్తగా ఈ రంగంలోకి దిగేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. "మా సెంటు" అనుకున్నది మరో సరఫరాదారు దగ్గర చేయించాలంటే యంత్రంతో వాసన విశ్లేషించి, ముక్కుతో సరిచూసి కొత్తగా కట్టించుకోవాల్సిందే. అది ఎంత దగ్గరగా వచ్చినా అదే వాసన కాదు.

ఈ పద్ధతి హిల్టన్‌తో మొదలవలేదు. ఎలిజబెత్ టేలర్ పేరుతో 1987లో ప్యాషన్, 1991లో వైట్ డైమండ్స్ వచ్చాయి. 2002లో కోటీ కంపెనీ జెనిఫర్ లోపెజ్ గ్లో తెచ్చింది. హిల్టన్ సెంటు వచ్చిన 2004లోనే ఎలిజబెత్ ఆర్డెన్ కంపెనీ బ్రిట్నీ స్పియర్స్ క్యూరియస్ తెచ్చింది. వీళ్లంతా నటులో గాయకులో. హిల్టన్‌కు అప్పటికి ఉన్న ఆస్తి ఆమె పేరే. అందుకే ఈ కేసులో పేరుకు ఎంత, వస్తువుకు ఎంత అని విడదీసి చూడటం తేలిక.

రాయల్టీ లెక్క ఇలా ఉంటుంది. ఉదాహరణకు వేసుకున్న అంకెలివి, ఆ కంపెనీ పుస్తకాల్లోవి కావు. దుకాణంలో ధర 50 డాలర్లు అనుకుందాం. దుకాణదారు 40 శాతం ఉంచుకుంటే లైసెన్సు కంపెనీకి 30 డాలర్లు వస్తాయి. తిరిగొచ్చిన సరుకు, డిస్కౌంటు సర్దుబాట్లు పోగా మిగిలేదే నికర అమ్మకం. రాయల్టీ దాని మీదే. 7 శాతం అయితే సీసాకు సుమారు 2 డాలర్లు. పైగా ఒప్పందాల్లో కనీస హామీ ఉంటుంది. ఏడాదికి 10 లక్షల డాలర్లు ఇస్తానని రాసిచ్చిన కంపెనీ 7 శాతం లెక్కన కనీసం 1 కోటీ 43 లక్షల డాలర్ల నికర అమ్మకం చూపించాలి. అమ్మకం తగ్గినా ఆ సొమ్ము కట్టక తప్పదు. సరుకును ఏదో ఒక దారిలో బయటికి తోసేయాలనే ఒత్తిడి ఇక్కడే పుడుతుంది. దాని ఫలితం కింద వస్తుంది.

పత్రికల్లో ఈ వరుస మొత్తం అమ్మకాలు వందల కోట్ల డాలర్లని రాస్తుంటారు. అలాంటి అంకె చూసినప్పుడు అది చిల్లర ధర మీద లెక్కో, కంపెనీకి చేరిన సొమ్మో ముందు అడగాలి. రెండింటికీ మధ్య దాదాపు సగం తేడా ఉంటుంది.

వాసన ఎలా కట్టారు

2004 నాటి మొదటి సెంటులో పైన, అంటే కొట్టగానే తెలిసేవి, ఆపిల్, పీచ్. నడుమ ఫ్రీసియా, మల్లె, ముగే (లిల్లీ ఆఫ్ ది వ్యాలీ పువ్వు), ట్యూబ్‌రోజ్ (మన లిల్లీపూలు). అడుగున, అంటే చివరిదాకా మిగిలేవి, ఓక్‌మాస్ (చెట్ల మీద పెరిగే నాచులాంటిది), చందనం, మస్క్ (కస్తూరి తరహా వాసన). 2006లో వచ్చిన ఎయిరెస్‌లో ప్యాషన్ ఫ్రూట్, పీచ్, షాంపేన్ ఛాయలు పైన, వెనిల్లా, టోంకా గింజ వాసన అడుగున. 2007 నాటి క్యాన్ క్యాన్‌లో నెక్టరిన్, క్లెమెంటైన్, నారింజ పువ్వు, ఆంబర్. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే దారి ఒకటే. తియ్యటి పండు ముందుకొస్తుంది, శుభ్రమైన పూలు నడుమ నిలుస్తాయి, మెత్తని మస్క్ వెనక ఉంటుంది.

ఇది ఆలోచించి తీసుకున్న నిర్ణయమే అనిపిస్తుంది. దుకాణంలో కాగితపు పట్టీ మీద కొట్టి వాసన చూసి, అరనిమిషంలో కొనాలో వద్దో తేల్చుకునే పదిహేడేళ్ల అమ్మాయికి పండు వెంటనే అర్థమవుతుంది. బరువైన ఊదు, తోలు వాసనలు అర్థమవడానికి గంట పడుతుంది. అయితే పైపొర పండు వాసనలు పావుగంట, అరగంటలో ఎగిరిపోతాయి. నడుమ పూలు, అడుగు మస్క్ బలంగా లేకపోతే "గంటకే పోయింది" అనే ఫిర్యాదు తప్పదు. చౌక సెంట్లలో జరిగే తప్పు సరిగ్గా ఇదే. డబ్బంతా మొదటి పది నిమిషాల వాసన మీద పెడతారు. ఇంటికెళ్లాక చొక్కా మీద ఏమీ మిగలదు.

100 కిలోల బ్యాచ్

హిల్టన్ ఫార్ములా ఎవరూ బయటపెట్టలేదు. ఈ తరహా ఓ డి పర్ఫ్యూమ్ (నూనె శాతం ఎక్కువుండే సెంటు) చేసేటప్పుడు లైన్ మీద వాడే మామూలు కొలతలివి:

సుగంధ నూనె 15 కిలోలు
96 శాతం డీనేచర్డ్ (తాగడానికి పనికిరాకుండా చేసిన) ఆల్కహాల్ 76 కిలోలు
డీమినరలైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు 8.6 కిలోలు
యూవీ ఫిల్టర్ 300 గ్రాములు
బీహెచ్‌టీ (గాలికి నూనె చెడకుండా ఆపేది) 50 గ్రాములు
రంగు ద్రావణం 50 గ్రాములు

వరుస తప్పకూడదు. ముందు ఆల్కహాల్, అందులో బీహెచ్‌టీ, యూవీ ఫిల్టర్ కరిగాక నూనె. నీళ్లు చివర్లో, సన్నటి ధారగా, కలుపుతూనే పోయాలి. నూనెలో ముందే నీళ్లు పోస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది, మళ్లీ కలవడానికి గంటలు తీసుకుంటుంది. రంగును రెండు మూడు దఫాలుగా పోసి, ప్రతిసారీ ప్రమాణ నమూనాతో తెల్లకాగితం ముందు పోల్చాలి. ఒకసారి ఎక్కువైతే తీసేసే మార్గం లేదు.

నీళ్లు ఎంతవరకు పట్టుతాయో ప్రతి నూనెకూ విడిగా చూడాలి. నూనె, ఆల్కహాల్ కలిపిన 100 గ్రాముల ద్రవాన్ని 5 డిగ్రీలకు చల్లబరిచి, కొద్దికొద్దిగా నీళ్లు వేస్తూ మబ్బు కమ్మే చోటు గుర్తించాలి. దానికి 2, 3 శాతం తక్కువ దగ్గర ఆగాలి. నిమ్మ, నారింజ జాతి నూనెలు ఎక్కువగా ఉన్న ఫార్ములాలో ఆ గీత తొందరగా వచ్చేస్తుంది. వేసవిలో చేసిన బ్యాచ్ స్వచ్ఛంగా కనబడి, డిసెంబరులో చల్లటి గోడౌన్‌లో పాలలా మారిందంటే చాలాసార్లు కారణం ఈ పరీక్ష గది వేడిలో చేయడమే.

కలిపాక రెండు నుంచి నాలుగు వారాలు స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకులో మూతపెట్టి, వెలుతురు తగలకుండా ఉంచుతారు. తర్వాత 0 నుంచి 5 డిగ్రీలకు చల్లబరిచి, ఆ చల్లదనంలోనే 1 మైక్రాన్ లేదా అంతకన్నా సన్నని ఫిల్టర్ గుండా పంపుతారు. పూల నుంచి తీసిన నూనెల్లోని మైనం, రెసిన్ చలికి పేరుకుని ఫిల్టర్ మీద ఆగిపోతాయి. ఈ పని తప్పిస్తే అవే తర్వాత పంపు రంధ్రంలో పేరుకుంటాయి.

ఈ ద్రవం సాంద్రత 0.85 దగ్గర ఉంటుంది. అంటే 100 మిల్లీలీటర్లు 85 గ్రాముల బరువు. 100 కిలోల నుంచి 1,176 సీసాలు రావాలి. పైపుల్లో, ఫిల్టర్‌లో, మొదటి సర్దుబాట్లలో పోయేది తీసేస్తే 1,150 వస్తే సంతోషించాలి. ఒక సీసాలో అసలు నూనె 12.75 గ్రాములు. కిలో నూనె 30 డాలర్లు అనుకుంటే సీసాలో ఉన్నది 38 సెంట్ల నూనె. ఈ తరగతిలో గాజు, పంపు, మూత, అట్టపెట్టె కలిపితే జ్యూస్ కన్నా ఎక్కువ పడుతుంది. అందుకే ఖర్చు తగ్గించమంటే అనుభవమున్నవాళ్లు నూనె జోలికి పోరు, మూత బరువు తగ్గిస్తారు. కొత్తవాళ్లు నూనె శాతం తగ్గిస్తారు. మిగిలేది సీసాకు పది సెంట్లు, పోయేది రెండోసారి వచ్చే కొనుగోలుదారు.

గులాబీ రంగు గోధుమరంగుకు తిరిగే చోటు

ఈ తరహా సెంట్లకు గులాబీ, ఊదా, బంగారు రంగులు ముఖ్యం. అమ్మకం అరమీద రంగుతోనే మొదలవుతుంది. చిక్కంతా కూడా అక్కడే.

వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్ వెలుతురుకు, కొంచెం ఇనుము తగిలినా, మల్లె వాసనలో ఉండే ఇండోల్‌తో కలిసినా గోధుమరంగుకు తిరుగుతుంది. నారింజ పువ్వు వాసన కోసం వేసే మిథైల్ ఆంత్రనిలేట్, ఆల్డిహైడ్ జాతి సుగంధ పదార్థాలతో కలిసి షిఫ్ బేస్ అనే రంగున్న పదార్థం అవుతుంది, పసుపు నుంచి నారింజ దాకా ముదురుతుంది. ఈ కలయికను కావాలని చేసి ఆరాంటియోల్ పేరుతో వాడతారు కూడా. కాని గులాబీ సీసాలో అదే జరిగితే మూడు నెలల్లో టీ డికాక్షన్ రంగు వస్తుంది. వెనిల్లా, టోంకా, మల్లె, నారింజ పువ్వు కలిసే ఫార్ములాలన్నిటికీ ఈ ప్రమాదం ఉంది.

పరీక్ష తేలికే, ఓపిక కావాలి. నమూనాలు 45 డిగ్రీల ఓవెన్‌లో 12 వారాలు, ఎండ పడే కిటికీలో 4 వారాలు, 5 డిగ్రీల ఫ్రిజ్‌లో ఒకటి పోలికకు. ప్రతివారం పక్కపక్కన పెట్టి చూడాలి. యూవీ ఫిల్టర్ ఎండ వల్ల వచ్చే మార్పును ఆపుతుంది. వెనిలిన్, ఇండోల్ మధ్య జరిగే చర్యను ఆపలేదు. దానికి దారులు మూడే: వెనిలిన్ తగ్గించి రంగు మారని ప్రత్యామ్నాయాలు వాడటం, జ్యూస్‌కు మొదటే తేనెరంగు ఎంచుకోవడం, లేదా సీసాకే పూత వేసి లోపలి రంగు కనబడకుండా చేయడం. లోహపు మెరుపు పూత సీసాలు ఈ తరగతిలో ఇంత ఎక్కువగా కనబడటానికి అందంతోపాటు ఈ కారణం కూడా ఉంది.

పూతకు తనదైన జబ్బు ఉంది. పంపు దగ్గర కారిన ఆల్కహాల్ దాన్ని మెత్తబరుస్తుంది. సరుకు తీసుకునే ముందు బ్లేడుతో గళ్లు గీసి టేపు అంటించి లాగాలి. జ్యూస్‌లో ముంచిన గుడ్డతో 50 సార్లు రుద్దాలి. టేపుతో పూత ఊడొచ్చినా, గుడ్డకు రంగు అంటినా లాట్ మొత్తం వెనక్కి పంపడమే.

సీసా మెడ, పంపు, ఖాళీ

100 మిల్లీలీటర్ల సీసాకు అంచుదాకా నింపితే 107 నుంచి 110 పట్టాలి. ఆ ఖాళీ వృథా కాదు. ఆల్కహాల్ వేడికి బాగా ఉబ్బుతుంది. 20 డిగ్రీల దగ్గర నింపిన 100 మిల్లీలీటర్లు 45 డిగ్రీలకు దాదాపు 102.7 అవుతాయి. ఖాళీ లేకపోతే ఆ ఒత్తిడి పంపు గాస్కెట్ మీద పడి కారుతుంది. పెట్టె విప్పగానే అట్టకు నూనె మరక కనబడితే ముందు అనుమానించాల్సింది ఈ ఖాళీనే, తర్వాత క్రింపింగ్‌ను, అంటే పంపును మెడకు నొక్కి బిగించిన తీరును.

పంపుల్లో 15 మిల్లీమీటర్ల మెడకు బిగించేవి ఎక్కువ వాడుకలో ఉన్నాయి. ఒక నొక్కుకు 0.1 మిల్లీలీటరు చొప్పున 100 మిల్లీలీటర్ల సీసా దాదాపు వెయ్యి నొక్కులు ఇస్తుంది. లోపలి గొట్టం పొట్టిదైతే అడుగున 3, 4 మిల్లీలీటర్లు మిగిలిపోతాయి. కొనుగోలుదారుకు అది కనబడుతుంది, చేతికి రాదు. పొడవైతే అడుగున వంగి మూసుకుంటుంది. చివర ఏటవాలుగా కత్తిరించి, అడుగు మూలకు తగిలేంత పొడవు ఉంచాలి. బూటు, పువ్వు, దుస్తుల ఆకారాల సీసాల్లో అడుగు ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి గొట్టం పొడవును ఖాళీ గాజు సీసాలతోనే కొలిచి తేల్చుకోవాలి. గీసిన బొమ్మలు చూసి నిర్ణయించకూడదు.

లీకు పరీక్షకు బ్యాచ్‌లో కొన్ని సీసాలు తలకిందులుగా 24 గంటలు ఉంచుతారు. మరికొన్నిటిని వాక్యూమ్ గదిలో పెడతారు, విమానంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి. రవాణా కాగితాల్లో దీని ప్రమాదకర సరుకు సంఖ్య యూఎన్ 1266, మూడో తరగతి మండే ద్రవం. గోడౌన్‌లో ఫిల్లింగ్ లైన్ దగ్గర స్పార్కు రాని మోటార్లు, ఎర్తింగ్ లేకుండా పని మొదలుపెట్టకూడదు. మన రాష్ట్రాల్లో ఆల్కహాల్ కొని నిల్వ చేయాలంటే ఎక్సైజ్ శాఖ అనుమతి కూడా కావాలి. దానికి పట్టే నెలలను ప్లానులోనే వేసుకోండి.

మగవాళ్ల సీసా, "కొలోన్" అనే మాట

ఆడవాళ్ల సెంటు వెనకే మగవాళ్లకూ వచ్చింది. 2006లో ఎయిరెస్‌కు జోడీగా ఎయిర్ తెచ్చారు: వారసురాలు, వారసుడు. ఇంగ్లీషులో ఆ జంట పేరు బాగుంటుంది. తెలుగులో రాస్తే వారసుడు గాలి అయిపోతాడు, కాబట్టి మన దగ్గర అమ్మేవాళ్లు పేరు అర్థం మీద ఆధారపడలేరు.

అమెరికాలో మగవాళ్ల సెంటు ఏదైనా కొలోన్ అనేస్తారు. సీసా మీద చూస్తే ఓ డి టాయిలెట్ అని ఉంటుంది. నూనె 6 నుంచి 12 శాతం. అసలు ఓ డి కొలోన్ వేరు. 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో ఫరీనా కుటుంబం మొదలుపెట్టిన నిమ్మజాతి వాసన అది, నూనె 2 నుంచి 5 శాతమే. జ్వరం వచ్చినప్పుడు గుడ్డకు తడిపి నుదుట వేసే ఓడికొలోన్ మన పెద్దవాళ్లకు తెలుసు. ఆ జ్ఞాపకంతో "కొలోన్" కొన్నవాళ్లకు ఈ సీసా ఘాటుగా అనిపిస్తుంది. ఓ డి పర్ఫ్యూమ్ అలవాటున్నవాళ్లకు తేలిగ్గా అనిపిస్తుంది. అమ్మేటప్పుడు పేరు కాకుండా శాతం చూసి చెప్పడం నయం.

పేర్ల వరుస, గిఫ్ట్ సెట్ లెక్క

2005లో జస్ట్ మీ, 2006లో ఎయిరెస్, 2007లో క్యాన్ క్యాన్, 2008లో ఫెయిరీ డస్ట్, 2009లో సైరెన్, 2010లో టీజ్. తర్వాత నగరాల పేర్లతో పాస్‌పోర్ట్ సీసాలు. 2016లో గోల్డ్ రష్, 2017లో రోజే రష్, 2018లో ప్లాటినమ్ రష్. ఇంచుమించు ఏడాదికో పేరు. దుకాణం ప్రతి పండుగ సీజన్‌కూ కొత్తది అడుగుతుంది, కొత్తది లేకపోతే అరలో చోటు పోతుంది. "రష్" వంటి కుటుంబ పేరుతో వరసగా సీసాలు తేవడాన్ని రంగంలో ఫ్లాంకర్ల పద్ధతి అంటారు. దానివల్ల ఒక లాభం ఉంది. గాజు అచ్చు, పంపు, మూత అవే ఉంచి పూత, జ్యూస్ మారిస్తే కొత్త అచ్చు ఖర్చు, నెలల నిరీక్షణ తప్పుతాయి. మొదటి పదేళ్లలా ప్రతి పేరుకూ కొత్త ఆకారం అంటే ప్రతిసారీ కొత్త అచ్చు, కొత్త కనీస ఆర్డరు, మిగిలిపోయే ఖాళీ సీసాలు.

గిఫ్ట్ సెట్లో మామూలుగా 100 మిల్లీలీటర్ల స్ప్రే, 90 మిల్లీలీటర్ల బాడీ లోషన్, అంతే షవర్ జెల్, 10 మిల్లీలీటర్ల చిన్న సీసా. చూడటానికి నాలుగూ ఒకే వాసన. పనిలో నాలుగూ వేర్వేరు. ఆల్కహాల్‌లో బాగా నిలిచిన నూనె లోషన్‌లో 0.5 శాతం వేసినా ఎమల్షన్‌ను, అంటే లోషన్‌లోని నూనె, నీళ్ల కలయికను, పలచబరచవచ్చు. షవర్ జెల్‌లో చిక్కదనం పడిపోతుంది. వెనిలిన్ ఉంటే తెల్ల లోషన్ గోధుమరంగు అవుతుంది, దాన్ని దాచే రంగు అక్కడ ఉండదు. స్ప్రేలో ఆల్కహాలే క్రిములను ఆపుతుంది, లోషన్‌కు ప్రిజర్వేటివ్, క్రిముల పరీక్ష తప్పవు. సెట్ ఆలస్యమైందంటే చాలాసార్లు లోషన్ వల్లే.

క్రిస్మస్ దాటితే సెట్ విలువ సగం పడిపోతుంది. విప్పి స్ప్రేను విడిగా అమ్ముదామంటే విప్పే కూలి, కొత్త పెట్టె ఖర్చు. అందుకే జనవరిలో అవి డిస్కౌంటు దుకాణాలకు వెళ్తాయి.

సరుకు పొర్లిపోయినప్పుడు

పార్లక్స్ సరుకులో పెద్ద భాగం కొనేది పర్ఫ్యూమానియా అనే డిస్కౌంటు దుకాణాల గొలుసు. 2012 ఏప్రిల్లో ఆ గొలుసు పార్లక్స్‌నే కొనేసింది. 2017 ఆగస్టులో పర్ఫ్యూమానియా దివాలా రక్షణ చట్టం కిందికి వెళ్లింది. దుకాణాలు తగ్గాయి, హిల్టన్ సెంట్లు మాత్రం ఆగలేదు.

పెద్ద కొనుగోలుదారు ఒక్కడే అయితే ఏం జరుగుతుందో ఆలోచించండి. కనీస హామీ అందుకోవడానికి సీజన్ చివర్లో సరుకు తోస్తారు, అది లెక్కల్లో అమ్మకం అవుతుంది. కాని సీసా ఇంకా గోడౌన్‌లోనే ఉంది, డబ్బు రావాల్సిన పద్దులోనే ఉంది. వచ్చే ఏడాది ఆర్డరు ఆ మేరకు తగ్గుతుంది. ఈలోగా అదే సీసా డిస్కౌంటు అరలో సగం ధరకు కనబడితే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరు పూర్తి ధరకు పెట్టదు. ఒకసారి కిందికి దిగిన ధర మళ్లీ పైకెక్కిన కేసులు అరుదు. హిల్టన్ వరుస ఆ కింది ధరలోనే స్థిరపడి నిలిచింది. పైన ఉదాహరణలో చూసినట్టు నూనె ఖర్చు ఆ ధరకు తట్టుకునేంత తక్కువైతేనే అది కుదురుతుంది. ఖరీదైన నూనెతో మొదలైన వరుస అయితే కుదరదు.

ఈ కేసులో అన్నిటికన్నా నేర్చుకోవాల్సింది ఇదేనని మాకు అనిపిస్తుంది: వస్తువును చివరికి చేరే ధరకు సరిపడా కట్టాలి, మొదటి రోజు ధరకు కాదు.

రూల్స్ మారితే వాసన మారుతుంది

ఓక్‌మాస్‌లోని అట్రనాల్, క్లోరోఅట్రనాల్‌ను, ముగే వాసనకు వాడే హెచ్ఐసీసీ అనే పదార్థాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. 2019 ఆగస్టు నుంచి కొత్త సరుకుకు, 2021 ఆగస్టు నుంచి అన్నిటికీ. ముగేకే వాడే లిలియాల్‌ను 2022 మార్చి 1 నుంచి తీసేశారు. 2004 నాటి పూల సెంట్లలో ఈ పదార్థాలు మామూలుగా ఉండేవి. ఐరోపాలో అమ్మాలంటే వాటిని మార్చి కట్టాల్సిందే. కంపెనీలు సాధారణంగా రెండు రకాలు చేయవు, అంతటికీ ఒకటే చేస్తాయి. అందుకే 2008లో కొన్న సీసా, ఇప్పటి సీసా ఒకే పేరుతో ఉన్నా పూల భాగం పలచగా తోస్తుంది. వెంటనే నకిలీ అనుకోనక్కర్లేదు.

మన దగ్గర కొనేవాళ్లకు, అమ్మేవాళ్లకు

అమెరికా నుంచో దుబాయ్ నుంచో చుట్టాలు తెచ్చే సీసాల్లో ఈ వరుస తరచూ కనబడుతుంది. చేతిసంచీలో 100 మిల్లీలీటర్లకు మించిన సీసా తేనివ్వరు, ఈ సీసాలు సరిగ్గా ఆ హద్దులో ఉంటాయి. చెకిన్ సామానులో సీసా అర లీటరు దాటకూడదు, మొత్తం మనిషికి 2 లీటర్లు.

దుకాణంలో గాని ఆన్‌లైన్‌లో గాని కొంటే పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎం.ఆర్.పి., తయారైన నెల, తయారైన దేశం, సౌందర్య సాధనాల దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేని సరుకు అసలైనదే అయినా పక్కదారిలో వచ్చింది. నకిలీ పట్టడానికి పెట్టె అడుగున, సీసా అడుగున బ్యాచ్ నంబరు ఒకటేనా చూడండి. మూత తీసి క్రింపింగ్ చూడండి. అసలుదైతే గుండ్రంగా, గీతలు లేకుండా బిగిసి ఉంటుంది. సీసా కదిపితే పంపు చుట్టూ తిరగకూడదు.

మే నెలలో విజయవాడ, రామగుండం ఎండకు కారు డ్యాష్‌బోర్డ్ మీద సెంటు పెట్టొద్దు. అక్కడి వేడి ఓవెన్ పరీక్షను మించిపోతుంది. నారింజ, నిమ్మ వాసనలోని లిమొనీన్ గాలికి, వేడికి చెడి చర్మానికి దురద పుట్టించే పదార్థాలుగా మారుతుంది. పైవాసన టర్పెంటైన్‌లా అనిపిస్తే ఒంటికి వాడొద్దు. పెట్టెలోనే ఉంచి, బీరువాలో కింది అరలో పెడితే చాలు.

ఒప్పందం ముగిసేటప్పుడు

హిల్టన్, పార్లక్స్ బంధం చాలా ఏళ్లు సాగింది, అది అరుదు. తార పేరుతో ఒప్పందం రాసుకునేవాళ్లు చివరి పేజీని మొదటి పేజీ కన్నా జాగ్రత్తగా చదవాలి. మిగిలిన సరుకు అమ్ముకోవడానికి మామూలుగా 6 నుంచి 12 నెలల గడువు ఇస్తారు. ఆ గడువులో కొత్తగా నింపకూడదని రాయించకపోతే పాత లైసెన్సుదారు ట్యాంకులు ఖాళీ అయ్యేదాకా నింపి, దొరికిన ధరకు వదిలేస్తాడు. తర్వాత వచ్చే లైసెన్సుదారు ఆ ధరతో పోటీ పడాలి. గడువు ఆఖరి రోజు నాటికి నిండిన సీసాలు, ఖాళీ గాజు, అచ్చువేసిన పెట్టెలు, డ్రమ్ముల్లో నూనె ఎంతెంత ఉన్నాయో ఇద్దరి మనుషులూ కలిసి లెక్కపెట్టాలి. పేరు చెక్కిన అచ్చులను గాజు ఫ్యాక్టరీలో పగలగొట్టించి, ఫొటోలతో ధ్రువపత్రం తీసుకున్నాకే చివరి చెక్కు ఇవ్వాలి.